గంట బోర్డు, హాజరు పట్టీ, చీటీలు: పరిశోధక విద్యార్థిని లోపలికి రానిచ్చే ఫ్యాక్టరీ యాజమాన్యాలకు బహిరంగ లేఖ

యజమానులకు, ప్రొడక్షన్ మేనేజర్లకు, హెచ్‌ఆర్ అధికారులకు,

నమస్కారం.

ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థి ఒకరు మీ దగ్గరికి వచ్చి, కార్మికుల ఉత్పాదకత మీద అధ్యయనం చేసుకుంటామని అడిగితే మీలో చాలామంది కాదనరు. ఒక పూట ఫ్లోర్ చూపిస్తారు, ఎక్సెల్ షీట్ ఒకటి మెయిల్‌లో పంపుతారు, రిపోర్టు అయ్యాక ఒక కాపీ ఇవ్వమంటారు. ఆ మర్యాదకు కృతజ్ఞతలు. కాని ఆ షీట్‌తో మంచి థీసిస్ రాదు, మీకు పనికొచ్చే జవాబూ రాదు. శ్రామిక ఆర్థికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నవాళ్లం, చేయిస్తున్నవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. అడిగేవి మూడే: రికార్డులు ఉన్నవి ఉన్నట్టు ఇవ్వండి, కొత్త పద్ధతి ఏ లైన్లకో తేల్చే చీటీలు తీశాక వాటి జోలికి వెళ్లకండి, కార్మికుల పేర్లతో ఫలితాలు అడగకండి. ఎందుకో చెప్పాలంటే మాత్రం కాస్త వివరంగా రాయక తప్పదు.

ముందు ఆ షీట్ సంగతి చూద్దాం.

ఒక కుట్టు లైన్ తీసుకోండి. 30 మంది ఆపరేటర్లు, 480 నిమిషాల షిఫ్టు. కుడుతున్న చొక్కా శామ్ 12. అంటే ఆ చొక్కాకి మొదటి కుట్టు నుంచి చివరి బొత్తాం దాకా ప్రమాణంగా లెక్కగట్టిన పని 12 నిమిషాలు. సాయంత్రానికి 720 చొక్కాలు దిగాయి. 720ని 12తో గుణిస్తే 8,640 నిమిషాల పని. 30 మంది, ఒక్కొక్కరికి 480 చొప్పున, 14,400 నిమిషాల హాజరు. పనిని హాజరుతో భాగిస్తే ఎఫిషియెన్సీ 60 శాతం. ఇంతవరకు పేచీ లేదు.

మర్నాడు ముగ్గురు రాలేదు. సూపర్‌వైజర్ పక్క లైన్ నుంచి ముగ్గుర్ని తెచ్చి ఆ మిషన్ల మీద కూర్చోబెట్టాడు. మళ్లీ అవే 720 దిగాయి. హాజరు పట్టీలో మాత్రం ఈ లైన్ కింద 27 మందే ఉన్నారు, అరువొచ్చిన ముగ్గురి నిమిషాలు వాళ్ల సొంత లైన్ ఖాతాలోనే పడ్డాయి. 8,640ని 12,960తో భాగిస్తే 66.7 శాతం. ఒక్క కుట్టు అదనంగా పడకుండానే లైన్ దాదాపు ఏడు పాయింట్లు పెరిగింది, పక్క లైన్ ఏ పాపం ఎరగకుండా పడిపోయింది. మూడో రోజు 30 మందీ వచ్చారు, రెండు గంటల ఓటీ (ఓవర్‌టైమ్) కూడా పడింది. 860 దిగాయి, అంటే 10,320 నిమిషాల పని. ఓటీ గంటలు జీతాల సెక్షన్ రిజిస్టర్‌లో ఉంటాయి కాని ప్రొడక్షన్ షీట్‌లోకి రావు. అందుకే షీట్ 71.7 శాతం అంటుంది. అసలు హాజరు 18,000 నిమిషాలు, అసలు ఎఫిషియెన్సీ 57.3 శాతం. మూడు రోజుల్లోకీ పని మందగించిన రోజు షీట్‌లో అన్నిటికంటే పైన కూర్చుంది.

ఇందులో ఎవరి మోసమూ లేదు. షీట్ మీ డిస్పాచ్ కోసం పుట్టింది, మా లెక్కల కోసం కాదు. కాని ఆ మూడు రోజుల మధ్యలో ఎక్కడో మీరు కొత్త ఫ్యాన్లు బిగించి ఉంటే, విద్యార్థి వెళ్లి ‘ఫ్యాన్లతో ఉత్పాదకత దాదాపు 12 పాయింట్లు పెరిగింది’ అని రాసేస్తాడు. గైడ్ సంతోషిస్తారు. మీరు మిగతా యూనిట్లకి కూడా ఫ్యాన్లు కొంటారు.

గంట గంటకీ ఎన్ని దిగాయో రాసే గంట బోర్డు ఇంకో కథ. గంటకు 90 టార్గెట్ అయితే బోర్డు మీద 90, 90, 91, 90 అని వరస కనిపిస్తుంది. మనుషులు ఇంత సమంగా కుట్టరు. ఒక గంటలో 104 వస్తే పద్నాలుగింటిని టేబుల్ కింద పక్కన పెట్టి, 76 వచ్చిన గంటలో కలుపుతారు. టార్గెట్ తప్పితే మాట పడేది సూపర్‌వైజర్ కాబట్టి ఇది ఆయనకున్న తెలివైన రక్షణ. దాన్ని పట్టుకుని ఆయన్ని నిలదీయమని మేం చెప్పడం లేదు. నిలదీస్తే ఆ పని ఇంకా నేర్పుగా చేస్తారు, అంతే. మా విద్యార్థికి కావాల్సింది ఒకటే: ఆ అంకె లైన్ చివర లెక్కపెట్టిందా, చెకింగ్ దాటాక లెక్కపెట్టిందా, బోర్డు కోసం సర్దిందా అన్నది తెలియాలి. చెకింగ్‌లో తిరిగొచ్చి ఆల్టర్‌కి, అంటే సరిచేయడానికి, వెళ్లిన చొక్కా మళ్లీ దిగినప్పుడు రెండోసారి లెక్కలో పడుతోందా లేదా కూడా తెలియాలి. రోజుకి 40 ఆల్టర్లున్న లైన్‌లో 720 అన్న అంకెకు, 680 అన్న అంకెకు తేడా అక్కడే ఉంటుంది.

కాబట్టి దయచేసి డేటాని ‘క్లీన్’ చేసి పంపకండి. మాకు ఎక్కువ నష్టం చేసేది ఈ మంచితనమే. ఖాళీ గడి వేరు, సున్నా వేరు. సున్నా అంటే మనుషులు కూర్చున్నారు, ఏమీ దిగలేదు. ఖాళీ అంటే రాయలేదు, లేదా ఆ రోజు లైన్ నడవలేదు. చూడ్డానికి బాగుండదని ఖాళీలన్నీ సున్నాలు చేస్తే రెండింటినీ విడదీయడం ఎవరి తరమూ కాదు. టోకెన్ నంబర్ల విషయంలోనూ అంతే. మానేసిన మనిషి నంబరు కొత్తగా చేరినవాళ్లకి ఇవ్వడం చాలాచోట్ల అలవాటు. మా కంప్యూటర్‌కి ఆ ఇద్దరూ ఒకరే. పదేళ్ల అనుభవమున్న ఆపరేటర్ ఒక సోమవారం ఉదయం ఉన్నట్టుండి కుట్టడం మరిచిపోయినట్టు కనిపిస్తుంది. నంబరు ఏ తేదీన చేతులు మారిందో చెబితే చాలు.

కావాల్సిన రికార్డులు ఐదు: ఎవరు ఏ గంటలో ఏ లైన్‌లో కూర్చున్నారో చెప్పే హాజరు, ఓటీతో సహా; లైన్ల వారీగా గంట గంటకీ దిగిన సరుకు; ఏ తేదీ నుంచి ఏ స్టైల్, దాని శామ్ ఎంత; చెకింగ్‌లో పట్టుకున్న లోపాలు; మిషన్ ఆగిన నిమిషాలు, కారణంతో. కారణం ఎందుకంటే కట్ పీసులు రాక కూర్చున్న అరగంటని ఆపరేటర్ ఖాతాలో వేస్తే అన్యాయమవుతుంది. స్టైల్ మారిన మొదటి రోజుల్లో లైన్ బాగా దిగజారి మెల్లగా పుంజుకుంటుంది కాబట్టి ఆ తేదీ లేకుండా మిగతా నాలుగూ ఉన్నా లాభం లేదు. కనీసం 12 వారాల వెనకటి రికార్డు ఇవ్వండి. చేతిరాత రిజిస్టర్ ఫోటోలైనా సరే, టైపు చేసుకోవడం మా పని.

రికార్డు పెట్టడమే ఒక పెట్టుబడి అనడానికి మంచి ఉదాహరణ ముంబయి చుట్టుపక్కల జరిగిన అధ్యయనం. ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం 17 వస్త్ర సంస్థలకి చెందిన 28 ప్లాంట్లలో పనిచేసి 2013లో ఫలితాలు ప్రచురించింది. అక్కడ కన్సల్టెంట్లు నేర్పినవి గొప్ప రహస్యాలేమీ కావు. మగ్గం ఎందుకు ఆగిందో రాయడం, లోపాల్ని రోజూ లెక్కగట్టి మాట్లాడుకోవడం, నూలు నిల్వ ఎంతుందో తెలుసుకోవడం వంటివి. మొదటి ఏడాదిలో ఉత్పాదకత 17 శాతం పెరిగింది. కొన్నేళ్ల తర్వాత అదే బృందం తిరిగి వెళ్లి చూస్తే నేర్పిన పద్ధతుల్లో దాదాపు సగం మాయమయ్యాయి. అలవాటు చేసుకున్న మేనేజర్ మానేశాక, కొత్తగా వచ్చినవాళ్లకి ఆ రిజిస్టర్ ఎందుకో తెలియకపోవడం ఒక ముఖ్య కారణం.

ఇక చీటీలు.

కొత్త పద్ధతి ఏదైనా, బోనస్ కానివ్వండి, కుర్చీలు కానివ్వండి, పని వేళల మార్పు కానివ్వండి, అది పనిచేస్తుందో లేదో తెలియాలంటే కొన్ని లైన్లకి ఇచ్చి కొన్నిటికి ఇవ్వకుండా పోల్చాలి. ఏవి అన్నది చీటీలు తేల్చాలి. ఇక్కడే మీ చేతులు ఊరుకోవు. బాగా నడిచే లైన్‌కి ముందు ఇద్దామంటారు, లేదంటే వెనకబడ్డ లైన్‌ని లేపుదామంటారు. రెండోది వినడానికి న్యాయంగా ఉంటుంది కాని లెక్కకి మరీ ప్రమాదం. ఈ నెల అన్నిటికంటే కింద ఉన్న లైన్ సగం దురదృష్టం వల్లే అక్కడుంది: మిషన్ పాడైంది, ఇద్దరు జ్వరంతో మానేశారు. వచ్చే నెల ఏమీ చేయకపోయినా కొంత పైకొస్తుంది. అప్పుడు మీరిచ్చిన కుర్చీలకి ఆ పేరు దక్కుతుంది.

పోల్చే పద్ధతి సరిగా లేకపోతే ఎంత దూరం పోతుందో హాథోర్న్ చూపించింది. షికాగో పక్కన సిసిరోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ వారి హాథోర్న్ ఫ్యాక్టరీలో 1924లో వెలుతురు ప్రయోగాలు మొదలయ్యాయి. వెలుతురు పెంచినా తగ్గించినా ఉత్పత్తి పెరిగిందనీ, తమని ఎవరో గమనిస్తున్నారన్న స్పృహే దానికి కారణమనీ దశాబ్దాలుగా పాఠ్యపుస్తకాల్లో చెప్పుకున్నాం. ఆర్థికవేత్తలు స్టీవెన్ లెవిట్, జాన్ లిస్ట్ పాత డేటాని వెతికి పట్టుకుని 2011లో తిరగేసి చూపించారు. దీపాలు మార్చింది ఆదివారాలు, సెలవు రోజున. పోల్చింది శనివారంతో సోమవారాన్ని. అక్కడ దీపాలు మార్చని వారాల్లోనూ సోమవారం పని శనివారం కంటే ఎక్కువే. అదే ఫ్యాక్టరీలో 1927లో మొదలైన రిలే అసెంబ్లీ గదిలో, అంటే టెలిఫోన్ రిలేలు బిగించే గదిలో, విరామాలు వగైరా మారుస్తూ ఐదుగురు అమ్మాయిల మీద అధ్యయనం జరిగింది. 1928 జనవరిలో వాళ్లలో ఇద్దర్ని తప్పించి వేరే ఇద్దర్ని కూర్చోబెట్టారు. ఆ తర్వాత పెరిగిన ఉత్పత్తిలో ఎంత విరామాల వల్ల వచ్చింది, ఎంత ఆ ఇద్దరి వల్ల వచ్చింది అన్న తగువు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. అంతా అయ్యాక కూడికలు తీసివేతలు ఎన్ని చేసినా, మనుషుల్ని మధ్యలో మార్చిన ప్రయోగాన్ని బాగుచేయలేం.

చీటీలు ఎవరికి వేయాలన్నది ఇంకో ప్రశ్న. విడివిడిగా మనుషులకి వేద్దామని విద్యార్థులు ఉత్సాహపడతారు, సంఖ్య పెద్దగా కనిపిస్తుంది కదా. లైన్ పనిలో అది కుదరదు. కాలర్ వేసే ఆపరేటర్ వేగం పెంచితే, పక్కన చేయి అతికే ఆపరేటర్ ముందు కట్టలు పేరుకుంటాయి. నెమ్మదిస్తే ఆ ఆపరేటర్ ఖాళీగా కూర్చోవాలి. ఒకరికిచ్చిన బోనస్ ఇంకొకరి అంకెల్లో కనిపిస్తుంది. అందుకే లైన్ మొత్తానికి ఒకే చీటీ. దానికి మూల్యం ఉంది. ఒక లైన్‌లో ఉన్నవాళ్ల అంకెలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఆ ముడి బలం (అసలు ముడి లేకపోతే 0, అందరి అంకెలూ ఒకేలా ఉంటే 1) 0.2 అనుకుంటే, 30 మంది లైన్‌కి 1 + 29 × 0.2, అంటే 6.8. మీ 20 లైన్లలో 600 మంది ఉన్నా, ఆ 600ని 6.8తో భాగించాలి, సగటు పోల్చే పనికి వాళ్లు 88 మంది విడి మనుషులతో సమానం. కాబట్టి ‘రెండు లైన్లిస్తాం, ఒకదాంట్లో చేసి ఒకదాంతో పోల్చుకో’ అన్న ఉదారతని మా విద్యార్థులు కాదంటే పొగరనుకోకండి. రెండు లైన్లతో ఏమీ తేలదు. అన్ని లైన్లూ ఇచ్చి, కొత్త పద్ధతిని సగానికి ముందు, సగానికి నాలుగు నెలల తర్వాత ఇవ్వండి. చివరికి అందరికీ అందుతుంది, ఈలోగా మాకు పోలికా దొరుకుతుంది.

చీటీలు తీశాక మూడు పనులు చేయకండి. సగం లైన్లకి టార్గెట్ మార్చకండి. ఆపరేటర్లని ఇటు లైన్ నుంచి అటు లైన్‌కి మార్చకండి, తప్పనిసరైతే తేదీ రాసిపెట్టండి. రెండో వారంలో ఫలితం చూపించమని అడగకండి. చూపిస్తే ఆ అంకెని బట్టి ఏదో ఒకటి మారుస్తారు, అది మానవ సహజం.

షాంఘైలో సీట్రిప్ అనే ప్రయాణాల సంస్థ కాల్ సెంటర్‌లో ఇంటి నుంచి పని మీద జరిగిన ప్రయోగంలో ఎవరి వేళ్లూ చీటీల మీద పడే అవకాశమే లేకుండా చేశారు. ముందుకొచ్చిన అర్హుల్లో పుట్టిన తేదీ సరి సంఖ్య అయినవాళ్లు ఇంటికి, బేసి వాళ్లు ఆఫీసులో. తొమ్మిది నెలలు. పనితీరు 13 శాతం పెరిగింది. ఈ 13ని విప్పి చూపించడమే ఆ అధ్యయనంలో మాకు నచ్చే భాగం. అందులో 9 శాతం దాకా విరామాలు, సెలవులు తగ్గి షిఫ్టులో ఎక్కువ నిమిషాలు పనిచేయడం వల్ల వచ్చింది, 4 శాతం మాత్రమే నిమిషానికి ఎక్కువ కాల్స్ తీయడం వల్ల. మానేసేవాళ్లు దాదాపు సగానికి తగ్గారు. అయినా ప్రయోగం ముగిశాక ఎంచుకోమంటే, ఇంట్లో పనిచేసినవాళ్లలో దాదాపు సగం మంది ఆఫీసుకే తిరిగొచ్చారు. ఒంటరితనం ఒక కారణం. ఉత్పాదకత పెరిగిందని ఎవరైనా అన్నప్పుడు గంటకు పెరిగిందా, గంటలే పెరిగాయా అని అడగండి. రెండింటికీ జీతం ఒకేలా లెక్కపడదు.

జీతం అన్నాం కాబట్టి, కొత్త పద్ధతి పెట్టినా ఫ్లోర్ మీద కదలిక లేదని వాపోయే మేనేజర్లు సియాల్‌కోట్ ఉదాహరణ చూడాలి. పాకిస్తాన్‌లోని ఆ ఊళ్లో ఫుట్‌బాళ్లు తయారుచేస్తారు. రెగ్జిన్ షీట్‌లోంచి ఐదు భుజాల ముక్కలు ఎక్కువ వచ్చేలా, వృథా తగ్గేలా పరిశోధకులు కొత్త డై (ముక్కలు కోసే అచ్చు) రూపొందించి కొన్ని సంస్థలకి ఉచితంగా ఇచ్చారు. 15 నెలలైనా వాడినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. ముక్కలు కోసేవాళ్లకి పీస్ రేటు, అంటే ముక్కకి ఇంతని కూలి. కొత్త డైతో మొదట్లో చెయ్యి నెమ్మదిస్తుంది, రోజు కూలి తగ్గుతుంది. మిగిలే రెగ్జిన్ లాభం యజమానికి. అందుకని వాళ్లు డై పనికిరాదని చెప్పారు, యజమానులు నమ్మారు. కొన్ని సంస్థల్లో కోసేవాళ్లకి, కొత్త డైతో పని చేసి చూపిస్తే ఒక నెల కూలి ఇస్తామన్నారు. చేసి చూపించారు, ఆ సంస్థల్లో డై వాడకం పెరిగింది. కార్మికులు మార్పుని ఒప్పుకోరని మీ మీటింగుల్లో తరచూ వినిపించే మాట వెనక ఎన్నిసార్లు ఇలాంటి పీస్ రేటు దాగి ఉందో ఒకసారి మీ జీతాల సెక్షన్‌ని అడిగి చూడండి.

పక్కపక్కన కూర్చునేవాళ్లకి వేర్వేరు జీతాలిచ్చి ‘పోటీ’ పెట్టాలనుకునేవాళ్లకి ఒడిశాలో జరిగిన ప్రయోగం చదవమని సలహా. ఆర్థికవేత్తలు ఎమిలీ బ్రెజా, సుప్రీత్ కౌర్, యోగితా శామ్‌దాసాని 2018లో ప్రచురించారు. ఒకే పనికి తోటివాళ్ల కంటే తక్కువ ఇస్తున్నారని తెలిసినవాళ్లు పని తగ్గించారు, హాజరు కూడా 18 శాతం పాయింట్లు పడింది. రోజు కూలి పోగొట్టుకుని మరీ మానేశారు. ఎవరు ఎంత చేస్తున్నారో అందరికీ కళ్లెదుట కనిపించే పనుల్లో మాత్రం ఆ నొప్పి కనిపించలేదు.

మూడోది, పేర్లు. దీని మీద మేం బేరమాడం.

మీ దగ్గరున్న టోకెన్ నంబర్లని విద్యార్థి మొదటి వారంలోనే వేరే కోడ్‌లుగా మారుస్తాడు. ఏ కోడ్ ఏ మనిషిదో చెప్పే పట్టిక విశ్వవిద్యాలయంలో విడిగా, తాళం కింద ఉంటుంది. అది మీకు రాదు. ‘ఎవరు నెమ్మదిగా చేస్తున్నారో ఆ పది పేర్లు చెప్పు చాలు’ అని అడగడం మీకు చిన్న సాయంలా అనిపించవచ్చు. ఆ పది పేర్లు బయటికొచ్చిన రోజున మిగతా 590 మంది మాతో నిజం మాట్లాడరు, ఆ తర్వాత వచ్చే ఏ విద్యార్థితోనూ మాట్లాడరు. పేరు లేకపోయినా గుర్తుపట్టే వీలుండే చోట్లు ఉంటాయి. బొత్తాం కంతలు కుట్టే కాజా మిషన్ మీద లైన్‌కి ఒక్కరే ఉంటే, ‘7వ లైన్ కాజా’ అని పట్టికలో రాయడం పేరు రాయడమే. అలాంటి వరసల్ని కలిపేసి ఇస్తాం, విసుక్కోకండి.

సూపర్‌వైజర్ పక్కన నిలబడి ఉండగా తీసుకున్న సంతకం సమ్మతి కాదు. భోజన విరామంలోనో, షిఫ్టు అయ్యాకో, మేనేజర్లు లేని గదిలో, కార్మికులకి వచ్చిన భాషలో చదివి వినిపించి అడుగుతాం. కాదన్నవాళ్ల పేర్లు కూడా మీకు చెప్పం.

మా వైపు తప్పులూ ఒప్పుకోవాలి. షిప్‌మెంట్ వారంలో గంటన్నర ప్రశ్నావళి పట్టుకుని ఫ్లోర్ మీదికొచ్చే విద్యార్థిని వెనక్కి పంపేయండి, తప్పులేదు. పీస్ రేటు మనిషిని అరగంట కూర్చోబెట్టి మాట్లాడితే ఆ అరగంట కూలి పోతుంది. అంతకుముందు నెల సగటు సంపాదన ప్రకారం దాన్ని విద్యార్థి చెల్లించాలి. చెల్లించే నిధి లేదంటే ప్రశ్నలు తగ్గించుకోవాలి. ఏం కొలుస్తామో, ఎలా పోలుస్తామో పని మొదలవకముందే రాసి నమోదు చేయాలి. ప్రయోగాల కోసం అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ 2013 నుంచి రిజిస్ట్రీ ఒకటి నడుపుతోంది, ఎవరైనా చూడొచ్చు. అంకెలొచ్చాక వాటికి సరిపడే ప్రశ్న వెతుక్కోకుండా ఇది మా చేతులు కడుతుంది.

ఒప్పందంలో ఒక వాక్యం దగ్గర మీ లాయర్లు, మా విశ్వవిద్యాలయం ఎప్పుడూ చిక్కుపడతారు, అదీ చెబుతాం. ప్రచురించే ముందు 30 రోజులు డ్రాఫ్ట్ మీ దగ్గర ఉంటుంది. కొనుగోలుదారు పేరు, ధర, డిజైన్ వంటి వ్యాపార రహస్యాలు తీయమంటే తీస్తాం. ఫలితం నచ్చలేదని ఆపమంటే ఆపం. మీరు ఖర్చుపెట్టి పెట్టిన బోనస్ పథకం ఏమీ చేయలేదని తేలితే, అదీ అలాగే అచ్చవుతుంది, మీ సంస్థ పేరు లేకుండా.

విద్యార్థి వచ్చిన మొదటి రోజు కాన్ఫరెన్స్ హాల్లో ప్రెజెంటేషన్ వద్దు. గంట బోర్డు రాసే మనిషి పక్కన ఒక షిఫ్టు కూర్చోనివ్వండి, వెనక మేనేజర్ ఎవరూ నిలబడకుండా. టేబుల్ కింద దాచిన ఆ పద్నాలుగు చొక్కాల సంగతి ఆయన మీతో చెప్పడు. సాయంత్రం నాలుగింటికి టీ తాగుతూ మా విద్యార్థితో చెబుతాడు.

ఇట్లు,
శ్రామిక ఆర్థికశాస్త్ర పరిశోధకులు, మార్గదర్శకులు